పదకొండు కవర్ల మీద ఊరి పేరు

మా ఇంట్లో ఫ్రిజ్ పై అరలో, ఐసు ట్రే వెనక, ఒక స్టీలు డబ్బా ఉంది. ఏళ్లుగా అక్కడే ఉంది. ఇంట్లో వాళ్లు అడిగితే ఆఫీసు సామాను అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. నా అబద్ధాలన్నీ అలాంటివే, ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. ఒకప్పుడు నా పని తూకం వేయడమే కాబట్టి ఆ డబ్బా ఎంత తూగుతుందో నాకు తెలుసు. అరకిలో కూడా ఉండదు. కానీ ఇన్నేళ్లు మోసినవాణ్ని నేను. అది చాలా బరువు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల ముఖం చూడాలి, చెప్పడం అయ్యాక ఆ ముఖం మారడం కూడా చూడాలి. అంత ధైర్యం నాకు లేదు. అందుకే నా పేరు చెప్పను. తప్పు మాత్రం దాచకుండా చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది పులివెందుల. ఎమ్మెస్సీ చదివి ఖాళీగా తిరుగుతున్న నన్ను ఒక ప్రాజెక్టులో అసిస్టెంటుగా తీసుకున్నారు. పని, గాలిని కొలవడం. నవ్వకండి. ఆ మాట విని మా నాన్న కూడా నవ్వాడు, గాలి కొలిచినందుకు జీతమిస్తారా అని.

ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో, గాలిలో ఎంత సన్నటి నుసి ఉంది, ఆ నుసిని అంటుకుని ఏయే విషాలు ఉన్నాయి, ఇదీ మేము చూడాల్సింది. కంటికి కనిపించే దుమ్ము కాదు. దాన్ని ముక్కు ఆపుతుంది. మేము వెతికేది వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే కూర్చునే నుసి. బొగ్గో నూనో రబ్బరో సగం సగం కాలినప్పుడు పుట్టే విషాలు దాన్ని పట్టుకుని ప్రయాణం చేస్తాయి. వాటిని సేంద్రియ కాలుష్యాలు అంటారు. సేంద్రియ అనగానే కూరగాయల దుకాణం బోర్డు గుర్తుకొస్తుంది కానీ, ఇవి ఆ బాపతు కాదు.

పెట్టెలాంటి ఒక మిషన్ ఉండేది. దాన్ని మిద్దె మీద పెడితే ఇరవై నాలుగు గంటలూ గాలి పీలుస్తుంది. లోపల గుండ్రటి తెల్ల ఫిల్టరు కాగితం ఉంటుంది. మరుసటి రోజు సరిగ్గా అదే సమయానికి వెళ్లి, ఆ కాగితాన్ని పటకారుతో తీసి, అల్యూమినియం రేకులో చుట్టి కవర్లో పెట్టాలి. కొత్త కాగితం బిగించి రావాలి. పాతదాన్ని ఐసు డబ్బాలో ప్రొద్దుటూరుకు తెచ్చి, తూకం వేసి, ఫ్రీజర్లో దాచాలి. తర్వాత సగం కత్తిరించి పెద్ద ల్యాబుకు పంపుతారు. మిగతా సగం మా దగ్గర ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా తప్పంతా ఇందులోంచే వచ్చింది. ఆ కాగితం మీద ఏమీ రాయకూడదు. పెన్ను సిరా కూడా పరీక్షలో తేలుతుంది. అందుకని ఏ ఊరి కాగితమో చెప్పేది కవరు ఒక్కటే. మిద్దె మీద గాలికీ తొందరకూ రాతలో పొరపాట్లు జరుగుతాయని, ఊరి పేరు, తేదీ, వరస నంబరు ముందే కవర్ల మీద రాసి పెట్టుకునేవాళ్లం. కాగితం పుట్టకముందే దాని ఊరు నిర్ణయమైపోయేది.

ఆ చలికాలం రాయించిన కవర్లు పన్నెండు.

కవర్ల మీద ఉన్నది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె పేరు. ఆ ఊరి పక్కన పాత టైర్లు కాల్చి నూనె తీసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఎండాకాలం గాలి ఎటో తీసుకుపోయేది కానీ, చలికాలం సాయంత్రం అయిందంటే పొగ పైకి లేవలేక ఊరి మీదే పరుచుకునేది. నోట్లో తారు రుచి తగిలేది. మా మిషన్ పెట్టింది గౌసియక్క మిద్దె మీద. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఆమె ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. నలభై దాటి ఉండవు. అప్పటికి మూడేళ్లుగా ఆయాసం. చలికాలం వస్తే పడుకుని నిద్రపోలేక, గోడకు ఆనుకుని కూర్చునేది. పట్నంలో ఇల్లు బాడుగకు తీసుకోమని భర్త ఫోన్లో పోరు పెట్టేవాడు. ఆమె ససేమిరా అనేది. ఆ ఇంటిని నాపరాయి నాపరాయి చూసి కట్టించుకుంది ఆమె. వంటింటి కిటికీ ఎటు ఉండాలో ఆయనకు ఫోన్లో చూపించి, రెండుసార్లు పడగొట్టించి మరీ పెట్టించుకుంది. ఆ ఇంట్లో ఉండటం కావాలి ఆమెకు. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఊరివాళ్లు ఫ్యాక్టరీ మీద అర్జీ పెట్టి ఉన్నారు. ప్రాజెక్టు వాళ్ల చలికాలం లెక్కలు రానీయండి, చూసి నిర్ణయం చేస్తాం అన్నారు అధికారులు. అంటే నా పన్నెండు కాగితాలు. ఈ మాట నాకు ముందే తెలుసు. తెలియదని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ మిషన్ను గౌసియక్క కోర్టులో తన తరఫు సాక్షిని చూసుకున్నట్టు చూసుకునేది. కాకులు వాలకుండా కాపలా. పైన పాత దుప్పటి కప్పబోతే, వద్దక్కా గాలాడాలి అని నేనే ఆపాను. మిషన్ తిరిగే రోజుల్లో పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించేది కాదు. గురువారం సాయంత్రం వాళ్లింట్లో ఊదు వేయడం ఏళ్ల నాటి అలవాటు. అది కూడా మానేసింది. మా పొగ దాంట్లో కలిస్తే లెక్క తప్పవుతాది గదా అంది. నేను చెప్పకుండానే ఆమెకు తోచింది ఆ మాట. ఇక వంటింటి గోడకు, ప్రొద్దుటూరు బంగారు అంగడివాళ్లు పంచిన క్యాలెండరు ఒకటి వేలాడేది. మిషన్ నడిచిన రోజు గడిలో సున్నా చుట్టేది. కరెంటు పోతే ఎంతసేపు పోయిందో అదే గడిలో రాసేది. నా పుస్తకం కంటే ఆ క్యాలెండరు నిజాయితీగా ఉండేది.

ఇప్పుడు ఇంకొకరి గురించి చెప్పాలి. ఇక్కడే నా కలం ఆగుతుంది.

ప్రొద్దుటూరులో ఒక కాలేజీ వాళ్లు తూకం గదిని మా ప్రాజెక్టుకు వాడుకోనిచ్చారు. ఆ కాలేజీలో సుభాషిణి కెమిస్ట్రీ చెప్పేది. మా ప్రాజెక్టుతో ఆమెకు సంబంధం లేదు. తీరిక దొరికితే వచ్చి సాయం చేసేది. నా చేతిరాత చూసి, ఇది చదవాలంటే ఇంకో ప్రాజెక్టు పెట్టాలి అని నవ్వి, కవర్లన్నీ తనే రాసేది. గుండ్రటి అక్షరాలు. తలకట్టు చివర కొంచెం పైకి లేచేది. ఊరి పేరు, తేదీ, నంబరు, అంతే రాసేది. ఆ మూడింటినే నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే మీరు నన్ను పిచ్చివాడనుకుంటారు. అనుకోండి.

ఆమెను నేను మేడమ్ అనేవాణ్ని. మీరు అనేవాణ్ని. అంతకు మించి ఒక్క మాటా ఎన్నడూ అనలేదు.

ఆ చలికాలంలోనే ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. శ్రీకాకుళం జిల్లా. మా జిల్లా నుంచి లెక్కేస్తే రాష్ట్రానికి ఆ చివర. రెండు వారాల్లో వెళ్లి చేరాలి. సరిగ్గా అదే రెండు వారాల్లో మా పన్నెండు రోజుల కొలత. కాగితం మార్చే సమయం సాయంత్రం ఐదు అని ప్రాజెక్టు చూసే మా సార్ నిర్ణయించారు. నేను మధ్యాహ్నం బస్సెక్కితే, జమ్మలమడుగులో దిగి, ఆటో పట్టుకుని, పని ముగించి ప్రొద్దుటూరు చేరేసరికి ఎనిమిది దాటేది. ఆమె కాలేజీ వదిలేది నాలుగింటికి. నాకు మిగిలిన సాయంత్రాలు లెక్క పెట్టుకుంటే ఒక్కటీ లేదు.

మొదటి రోజు కొలత సరిగానే చేశాను. ఆ కాగితం తీసినప్పుడు నల్లగా ఉంది. గౌసియక్క దాన్ని చూసి, ఇదంతా నా రొమ్ములోనూ ఉండాదా అని అడిగింది. నేను కవరు మూశాను. కొత్త కాగితం బిగించి స్విచ్చి వేస్తే మోటారు తిరగలేదు. లోపల మోటారుకు కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోయాయి. మిషన్ను గోనెసంచిలో చుట్టి, రేపు తెస్తానక్కా అని చెప్పి, బస్సులో ప్రొద్దుటూరుకు తెచ్చాను. మరుసటి రోజు సాయంత్రానికి మోటారు వైండింగు చేసే ఆయన బాగుచేసి ఇచ్చాడు. అతని అంగడి సుభాషిణి వాళ్ల వీధిలోనే. కాలేజీ నుంచి వస్తూ ఆమె నన్ను చూసింది. సంగతి విని, మా మిద్దె మీద ఒకరోజు తిప్పి చూడండి, మధ్యలో ఆగిపోతే అంత దూరం మోసుకుపోయి మళ్లీ తేవాలి కదా అంది. న్యాయమైన సలహా. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

అలా మిషన్ వాళ్ల మిద్దె ఎక్కింది. వాళ్ల నాన్న బళ్లో అయ్యవారు. మిషన్ చుట్టూ తిరిగి ప్రశ్నలు అడిగి, తృప్తి పడి కిందికి పోయాడు. మరుసటి రోజు సాయంత్రం మిషన్ దించుకుందామని వెళ్లాను. నిజంగా దించుకుందామనే. మోటారు ఆగకుండా తిరిగింది, కాగితం లేత బూడిద రంగుకు వచ్చింది. ఆరేసిన బట్టలు తీయడానికి ఆమె పైకి వచ్చింది. టీ తెచ్చింది. పిట్టగోడకు ఆనుకుని, సముద్రం ఎప్పుడూ చూడలేదని, శ్రీకాకుళంలో చూస్తానని చెప్పింది. పెన్నా నదిలో నీళ్లు వచ్చిన ఏడాది దాన్నే సముద్రం అనుకున్నానని చెప్పింది. నేను విన్నాను. వింటుండగా జమ్మలమడుగు బస్సు వేళ దాటిపోయింది. రేపు పోదాంలే అనుకున్నాను.

గదికి వచ్చి సంచి తెరిస్తే, ముందు రోజు తేదీ వేసిన కవరు ఖాళీగా ఉంది. ఆమె అక్షరాల్లో ఊరి పేరు. కొలత జరగలేదు అని దాని మీద రాయాలి, సార్‌కు ఫోన్ చేయాలి, ఎందుకని అడుగుతారు. చేతిలో బూడిద రంగు కాగితం ఉంది. దాన్ని ఆ కవర్లో పెట్టాను. నేనేమీ రాయలేదు కదా అనుకున్నాను. ముందే రాసి ఉంది కదా.  

ఆ తర్వాత రోజూ అదే. మోటారును ఇంకా పరీక్షించమన్నారని ఆమెకు చెప్పాను. గౌసియక్కకు ఫోన్ చేసి మోటారు ఇంకా బాగుకాలేదు, రేపు తెస్తాను అని చెప్పాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేయడం కూడా మానేశాను. ఒకే మిషన్ ఒక ఊళ్లో బాగయింది, ఇంకో ఊళ్లో బాగుకాలేదు. ఇద్దరూ నమ్మారు. నన్ను నమ్మడం అంత సులువుగా ఉండేది ఆ రోజుల్లో.

పదకొండు సాయంత్రాలు. ఇప్పుడు మీకు నిజం చెప్పాలి, అందుకే కూర్చున్నాను. నా జీవితంలో నేను సంతోషంగా ఉన్న రోజులు ఎన్ని అని ఎవరైనా అడిగితే, పదకొండు అంటాను. ఏం జరిగిందని? ఏమీ జరగలేదు. నాలుగున్నరకు గేటు చప్పుడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు. మిషన్ రొద వల్ల మాట వినబడక ఆమె కొంచెం దగ్గరగా వచ్చి మాట్లాడేది. ఒకరోజు బొరుగులు కలిపి తెచ్చింది, ఉల్లిపాయ ఎక్కువై ఇద్దరికీ కళ్లు నీళ్లు తిరిగాయి. ఒకరోజు ఆమె ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మిషన్ ఒక్కటే మా ఇద్దరి గాలీ పీల్చుకుంటూ కూర్చుంది. ఐదింటికి కాగితం మార్చేవాణ్ని. ఆమె పటకారు అందించేది. కవరు మాత్రం అక్కడ తీసేవాణ్ని కాదు. రేకులో చుట్టి సంచిలో వేసుకునేవాణ్ని. అంటే నేను చేస్తున్నది ఏమిటో నాకు తెలుసన్నమాట. తెలియనివాడు కవరు దాచడు.

చివరి సాయంత్రం ఆమె అడిగింది, మీరు ఏమైనా చెప్పాలా అని. ఏమీ లేదు మేడమ్, ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. ఆరోగ్యం జాగ్రత్త. గాలి కొలిచేవాడికి తట్టిన మాట అది. మరునాడు వాళ్ల నాన్న, తను, రెండు పెట్టెలతో బస్సెక్కారు. నేను బస్టాండుకు వెళ్లలేదు. ఆ పూట మిషన్ తీసుకుని పల్లెకు వెళ్లాను, ఇక మిషన్ అవసరం లేని రోజు.

ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. చలికాలం కదా, చెడ్డగా ఉంటాయని అందరూ ఎదురుచూశారు. మొదటి రోజుది భయంకరంగా ఉంది. తక్కిన పదకొండూ ఒక మామూలు పట్నం మిద్దె మీద గాలిలా ఉన్నాయి. స్కూటర్ల పొగ, కొద్దిగా వంటల పొగ. మా సార్ రెండు రోజులు తల పట్టుకున్నారు. నన్ను పిలిచి, ఏం జరిగి ఉంటుందని అడిగారు. తెలియదు సార్ అన్నాను. చివరికి ఆయనే ఒక కారణం కనిపెట్టారు. గండికోట కొండల వైపు నుంచి వచ్చే గాలి పొగను ఊరి మీద నిలవనీయడం లేదట. బొమ్మ గీసి, బాణాలు వేసి, రిపోర్టులో ఒక పేజీ రాశారు. ఆ పేజీని టైపు చేసింది నేనే. మొదటి రోజు లెక్క పదకొండింటితో పొసగడం లేదని, ఏదో పొరపాటు జరిగి ఉంటుందని, దాన్ని తీసి పక్కన పెట్టారు. పన్నెండింటిలో నిజమైనది అదొక్కటే. పొరపాటు అని పేరు పడింది దానికే.

మండలాఫీసులో సమావేశం పెట్టారు. మిషన్ మనిషినని నన్నూ రమ్మన్నారు. అధికారి రిపోర్టులో చివరి నాలుగు వాక్యాలు చదివాడు. చలికాలంలో కూడా హద్దు దాటలేదు కాబట్టి అర్జీ ముగిస్తున్నాం అన్నాడు. ఊరివాళ్లు గొణుక్కుంటూ లేచారు. గౌసియక్క లేవలేదు. ఒళ్లో చేతిసంచి పట్టుకుని అలాగే కూర్చుంది. నేను ఆమెను తప్పించుకుని బయటికి నడిచాను. గేటు దగ్గర వెనక నుంచి పిలిచింది. నాలుగడుగులు వేగంగా వేసినందుకే రొప్పుతోంది.

"ఒక మాట అడగల్ల అప్పా. ఆ పదకొండు దినాలు మిషన్ మా మిద్దె మింద ల్యా. కాయితంలోకి లెక్కలు యాన్నించి వచ్చినాయి?"

"ఊర్లోనే పెట్టినాం అక్కా. వేరే మిద్దె మింద."

"యా మిద్దె?"

నాకు తోచింది చెప్పాను. "బడి మిద్దె."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. నేను ఇప్పటికీ చెప్పలేను ఎలాగో.

"బడి మిద్దెకు మెట్లు ల్యావు గదప్పా."

 ఆమె ఊపిరి కుదురుకునేదాకా ఆగి, మెల్లగా అంది.

"రేపు తెస్తాడు, రేపు తెస్తాడని ఊదు కూడా వెయ్యకుండా కూసున్యా. రెండు గురువారాలు. సరేలే. చెప్పుకోలేని పనేదో పడింటాది నీకు."

సంచిలోంచి క్యాలెండరు కాగితం తీసింది. మడతలు పెట్టిన ఒక్క నెల పేజీ. మొదటి రోజు గడిలో సున్నా. తర్వాత పదకొండు గడుల్లో గీతలు. సమావేశంలో చూపించడానికే తెచ్చుకుంది. చూపించి ఉంటే నా బతుకు అక్కడే తెల్లారేది. ఆమె చూపించలేదు.

"ఇది నీకాడే ఉండనీ. నాకాడుంటే చూసినప్పుడల్లా కడుపు మండుతాది."

అంతే. వెళ్లిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే, ఊరివాళ్లను పిలిచి ఉంటే, ఇదంతా ఆ రోజే అయిపోయేది కదా? ఆమె నాకేదో కష్టం వచ్చిందనుకుంది. నాకు వచ్చిన కష్టం ఏమిటి? ఒక మిద్దె, ఒక పిట్టగోడ, ఒక గ్లాసు టీ. అది చెప్పడానికి నాకు అప్పుడు సిగ్గేసింది. ఇప్పుడూ వేస్తోంది.

మరుసటి చలికాలం ఆమె ఇంటికి తాళం వేసింది. పులివెందులలో చెల్లెలి ఇంటి పక్కన ఒక్క గది బాడుగకు తీసుకుని, ముందు వసారాలో కుట్టుమిషన్ పెట్టుకుంది. ఇది నాకెలా తెలుసంటే, ప్రాజెక్టు అయిపోయాక నేనూ మా ఊరికే వచ్చి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒకసారి ఆ వీధిలో వెళ్తూ చూశాను. తల వంచుకుని కుడుతోంది. నాలుగు కుట్లు వేసి ఆగుతుంది. ఊపిరి తీసుకుని మళ్లీ నాలుగు కుట్లు. ఆ రోజు నుంచి ఆ వీధిలోకి వెళ్లలేదు. కాలేజీకి చుట్టు తిరిగి పోతాను. ఎందుకని అడిగితే నడక మంచిదని చెబుతాను. ఇదీ పూర్తిగా అబద్ధం కాదు.

టైర్ల ఫ్యాక్టరీ తర్వాతెప్పుడో దానంతట అదే మూతపడింది. పొగ పోయింది. కానీ పోయిన ఊపిరి తిరిగి రాదు, ఆమె ఆ ఇంటికి తిరిగి పోలేదు. ఒకసారి నేనే వెళ్లి చూశాను. తాళం తుప్పు పట్టింది. మిద్దె మీద మిషన్ కాళ్లు ఆనిన నాలుగు మచ్చలు ఇంకా ఉన్నాయి. రెండుసార్లు పడగొట్టించి పెట్టుకున్న కిటికీకి రెక్కలు లేవు, ఎవరో ఊడబీక్కుపోయారు. అక్కడ నిలబడి ఊపిరి పీల్చాను. గాలి శుభ్రంగా ఉంది. ఏడుపొచ్చింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. పశ్చాత్తాపం ఉందా? ఉంది. లేకపోతే ఈ కాగితాలు ఎందుకు నింపుతాను? కానీ నన్ను నేను అడుక్కునే ప్రశ్న వేరే. ఆ పదకొండు సాయంత్రాలు మళ్లీ నీ ముందు పెడితే, ఈసారి మధ్యాహ్నం బస్సెక్కి పల్లెకు పోతావా, నాలుగున్నరకు ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినకుండా ఉండగలవా? పోతాను అని రాద్దామని ఎన్నో రోజులుగా కూర్చుంటున్నాను. ఆ వాక్యం నా చేత్తో రావడం లేదు. గౌసియక్కకు చేసింది తప్పు. ఆ తప్పు చేసిన రోజుల కోసమే ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకోవడం దాన్ని మించిన తప్పు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఇప్పటికీ ప్రొద్దుటూరు బస్సు ఆ వీధి చివర మలుపు తిరిగేటప్పుడు తల తిప్పి ఆ మిద్దె చూస్తాను. అక్కడ ఇప్పుడు ఎవరి బట్టలో ఆరుతుంటాయి.

ప్రాజెక్టు మూసేటప్పుడు మిగిలిన సగం కాగితాలు పారేయమన్నారు. నేను ఆ పదకొండు కవర్లు ఇంటికి తెచ్చుకున్నాను. స్టీలు డబ్బాలో ఉన్నవి అవే. మొదట్లో నాకు నేను సాక్ష్యం దాస్తున్నానని చెప్పుకున్నాను. ఎప్పటికైనా నిజం చెప్పాల్సి వస్తే ఉండాలని. అది కాదు. సుభాషిణి చేతిరాత నా దగ్గర ఉన్నది వాటి మీదే. ఆమె పీల్చిన గాలి ఉన్నది వాటి లోపలే. పల్లె వాళ్ల పదకొండు రోజుల గాలి మాత్రం ఎక్కడా లేదు. ఏ కవర్లోనూ లేదు, ఏ ఫ్రిజ్‌లోనూ లేదు. దాన్ని పట్టి ఉంచుకున్నది గౌసియక్క ఒక్కతే.

ఈ ఆదివారం పొద్దున డబ్బా బయటికి తీశాను. కవర్ల మీద మంచు కరిగేదాకా ఆగి, గుడ్డతో తుడిచి, బల్ల మీద వరసగా పేర్చాను. క్యాలెండరు పేజీ పక్కన పెట్టాను. పదకొండు గీతలు, పదకొండు కవర్లు. రేపు గౌసియక్క ఉండే వీధిలోకి వెళ్తాను, ఆమె ముందు నిలబడతాను అని ఇక్కడ రాయాలని ఉంది. రాయను. రేపు అని చెప్పి రాకపోవడం ఆమెకు నేను ఒకసారి చేశాను.

ల్యాబులో మాకు మొదటి రోజే నేర్పే పద్ధతి ఒకటి ఉంది. రాసింది తప్పయితే రుద్దకూడదు, మీద సిరా పులమకూడదు. ఒక్కటే గీత అడ్డంగా గీయాలి, కింద ఉన్న అక్షరాలు కనపడాలి. నిజం పక్కన రాసి, రాసినవాడు సంతకం పెట్టాలి.

మొదటి కవరు చేతిలోకి తీసుకున్నాను. గుండ్రటి అక్షరాలు, పైకి లేచిన తలకట్లు. సిరా కొంచెం వెలిసింది. ఇన్నేళ్లలో వాటిని ముట్టుకోవడానికి కూడా వేలు ఆడలేదు నాకు. పెన్ను పెట్టి ఊరి పేరు మీద ఒక గీత గీశాను. పక్కన రాశాను: ప్రొద్దుటూరు, సుభాషిణి వాళ్ల మిద్దె. పది కవర్లు మిగిలాయి. అన్నీ కొట్టేసేసరికి మధ్యాహ్నమైంది. గీత కింద ఆమె రాత ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఇక్కడ మీకు నా పేరు చెప్పలేదు. ఆ పదకొండు చోట్లా మాత్రం పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.